ఆదిలాబాద్ పల్లెల్లో మాట్లాడిన యంత్రం

పల్లె జనం ఫోన్‌పేకు ఎప్పుడు అలవాటు పడ్డారంటే చాలామంది 2016 నవంబరు 8 నాటి నోట్ల రద్దును చూపిస్తారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఆ అలవాటుకు నేల అంతకుముందే సిద్ధమైంది. దాన్ని సిద్ధం చేసింది చేతిలో పట్టే ఒక వేలిముద్రల యంత్రం.

అప్పట్లో ఉపాధి హామీ కూలి ఎక్కువగా పోస్టాఫీసులో తీసుకునేవారు. పైసలు ఏ రోజు వస్తాయో తెలిసేది కాదు. వచ్చాయని విని వెళ్తే ఆ పూట పని పోయేది. లెక్కలో రాసిన మొత్తానికీ చేతిలో పడిన మొత్తానికీ తేడా ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూలినీ పింఛన్లనూ స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టింది. ఆదిలాబాద్‌తో కలిపి 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చి, 2010 నుంచి అమలు చేశారు.

కార్డులోని చిప్‌లో ఖాతా వివరాలూ వేలిముద్రలూ ఉండేవి. కార్డు పెట్టగానే యంత్రం ఫలానా వేలు ఉంచమని అడిగేది. కార్డులో ఉన్న ముద్రతో అది సరిపోలితే చెల్లింపు జరిగేది. తర్వాత రశీదు వచ్చేది, ఎంత ఇచ్చారో యంత్రం తెలుగులో పైకి చెప్పేది. చదువురాని కూలీకి తన లెక్క తన చెవులతో వినే హక్కు అలా దక్కింది.

యంత్రాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది కూడా ఆలోచించే నిర్ణయించారు. ఆ ఊరిలోనే ఉండే, కొంత చదువుకున్న, స్వయం సహాయక సంఘం సభ్యురాలికి ప్రాధాన్యం ఇచ్చారు. ఊరి అధికారులకు బంధువు కాకూడదన్నది నియమం.

ఫలితాన్ని కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు కొలిచారు. దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న 157 మండలాలపై వారి అధ్యయనం 2016లో వెలువడింది. కూలి తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకు 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి పథకంలో పక్కదారి పట్టే సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది. అమలు మాత్రం సగంలోనే ఉంది. రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులే కొత్త దారిలో సాగాయి. అయినా వాడినవాళ్లలో 90 శాతానికి పైగా పాత పద్ధతికన్నా ఇదే మేలన్నారు. డబ్బు ఊళ్లోకే వచ్చింది, త్వరగా వచ్చింది, తక్కువ కాకుండా వచ్చింది. జనం కొత్త యంత్రాన్ని నమ్మడానికి ఆ మూడూ చాలు.

కెన్యాలో 2007లో మొదలైన, ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా సేవ కూడా వీధి దుకాణాల్లోని ఏజెంట్ల మీదే నిలబడింది. మన దగ్గర ఆధార్, 2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు, 2016 ఏప్రిల్ 11న యూపీఐ వరుసగా వచ్చాయి. ఇప్పుడు దుకాణదారుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, అతికించిన క్యూఆర్ కోడ్ కాగితం చాలు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుపై వ్యాపారి కట్టాల్సిన రుసుమూ లేదు. కరీంనగర్ కూరగాయల అంగడిలో తూకం వేస్తున్న అమ్మ ఫోన్ చూడాల్సిన పనిలేదు, పైసలు పడ్డాయని సౌండ్ బాక్స్ తెలుగులో చెబుతుంది. ఆనాటి యంత్రం చేసిన పని ఇదే.

ఆనాటి యంత్రం వెంట ఒక మనిషి ఉండేది. ఫోన్ వెంట ఎవరూ లేరు. పిన్ మరిచిన ముసలమ్మకూ, మోసపు కాల్‌కు భయపడే రైతుకూ, సిగ్నల్ సరిగా అందని ఏజెన్సీ గూడేల గోండు, కోలాం కుటుంబాలకూ అడగడానికి తెలిసిన ముఖం కావాలి. మామూలు బటన్ ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు. దాన్ని నేర్పే మనిషి లేకపోతే అది వాళ్ల దాకా చేరదు. ఆదిలాబాద్ అనుభవం చెప్పే దారి స్పష్టంగా ఉంది: ప్రతి ఊళ్లో మహిళా సంఘం నుంచి ఒకరికి శిక్షణ, తగిన కమీషన్ ఇచ్చి ఫోన్ చెల్లింపులకు తోడుగా నిలబెట్టాలి.