రాట్నానికి ఎండ తగిలితే

కొత్తవలస జంక్షన్ దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కిరండోల్ లైను. అది అనంతగిరి కొండలెక్కి అరకు మీదుగా పోతుంది. రెండోది పాత హౌరా లైను. విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి దాటి శ్రీకాకుళం వైపు సాగుతుంది. రెండింటి మీదా నడిచేవి కరెంటు ఇంజన్లే. నెల్లిమర్లలో జూట్ మిల్లుంది. అది లాకౌట్లతో మూతపడడం, మళ్లీ తెరుచుకోవడం విజయనగరం జిల్లావాళ్లకు కొత్త కాదు. ఇంకొంత ముందుకెళ్తే పొందూరు. అక్కడి ఇళ్లలో ఏ కరెంటు తీగతోనూ పనిలేని యంత్రం ఒకటి ఇంకా తిరుగుతోంది. అదే రాట్నం.

ఊళ్లో ఉండి సోలార్‌తో ఏదైనా సొంత పని పెట్టుకోవచ్చా అని అడిగే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి మండలంలోనూ కనిపిస్తున్నారు. పలకలు చవకయ్యాయి, చిన్న మోటార్లు దొరుకుతున్నాయి. సూర్యుడితో నడిచే రాట్నమూ వచ్చింది. అయితే యంత్రాన్ని తిప్పే బలం మారినంత మాత్రాన పని నిలబడుతుందా? ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే జవాబు దొరుకుతుంది.

ముందు పొందూరు రాట్నాన్ని దగ్గరగా చూద్దాం. పెద్ద చక్రం, దానికి 24 ఆకులు. చక్రం చుట్టూ తిరిగిన దారం సన్నని ఇనుప కదురును తిప్పుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు ఎన్నో చుట్లు తిరిగేస్తుంది. వడికే మనిషి కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య ఏకును పట్టుకుని వెనక్కి లాగుతుంది. పింజలు సాగి దారమవుతాయి, కదురు దానికి పురి ఎక్కిస్తుంది.

ఇక్కడ ఒక భౌతికశాస్త్ర విశేషం ఉంది. దారం సన్నగా ఉన్నచోట మెలి పడడం తేలిక, లావుగా ఉన్నచోట కష్టం. అందుకే పురి ముందు సన్నని భాగాల్లోకి పరుగెత్తి వాటిని బిగించేస్తుంది. లావు భాగాలు వదులుగా ఉండిపోయి, లాగినకొద్దీ ఇంకా సాగుతాయి. అలా దారం తనంతట తానే సమమవుతుంది. ఎంత వేగంగా లాగాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం వేలికొసకే తెలియాలి.

ఈ నూలు 100 కౌంటు దాటుతుంది. 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అన్ని కౌంట్లని లెక్క. అంటే 100 కౌంటు నూలు ఒక పౌను తీసుకుంటే దాని పొడవు 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు! ఒక్క గ్రాము పత్తిలోంచి దాదాపు 170 మీటర్ల దారం. మిల్లులు ఇంత సన్న నూలు తీయాలంటే పొడుగు పింజ పత్తి కావాలి. పొందూరువాళ్లు దాన్ని పొట్టి పింజ కొండపత్తి నుంచే తీస్తారు. అందుకు ముందు చాకిరీ చాలా ఉంది. వాలుగ చేప దవడ ఎముకకున్న సన్నని పళ్లతో గింజ మీది పత్తిని దువ్వుతారు. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, మెత్తదనం పోకుండా అరటి బోదెలో పెడతారు. 1920లలో గాంధీజీ తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో రాసి మెచ్చుకున్నది ఈ ప్రాంతపు సన్న నూలునే.

ఇంగ్లండులో రాట్నం వేరే దారి పట్టింది. 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ ఒకే చక్రానికి ఎనిమిది కదుళ్లు బిగించి ‘జెన్నీ’ చేశాడు. అది చేతితో తిప్పేదే. 1769లో ఆర్క్‌రైట్ పేటెంటు తీసుకున్న యంత్రం అసలు మలుపు. వేళ్లు చేసే పనిని అతడు జతల రోలర్లకు అప్పగించాడు. వెనక జత మెల్లగా, ముందు జత వేగంగా తిరుగుతుంటే మధ్యలో పత్తి సాగుతుంది. క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఆ రోలర్లను తిప్పింది ఏటి నీరు. అందుకే దానికి ‘వాటర్ ఫ్రేమ్’ అని పేరు. 1771లో అక్కడ వాగు పక్కన మిల్లు లేచింది. ఆవిరి ఇంజను తర్వాత సంగతి. మన రాట్నాలను మూలన పడేసిన మిల్లు యుగం మొదలైంది ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఆఫ్-గ్రిడ్ శక్తితోనే! ఆ శక్తి ఎవరి వాగులోదైనా, లాభం మాత్రం మిల్లు యజమానికే చేరింది.

మన దేశంలో అలా మూలన పడ్డ రాట్నాన్ని గాంధీజీకి వెతికి పెట్టింది గంగాబెన్ మజుందార్. బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో అటకల మీదున్న రాట్నాలు ఆమె కంటపడ్డాయి. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. షరతులు చూడండి: చేత్తోనో కాలితోనో నడవాలి, ఒక స్త్రీ ఎనిమిది గంటలు పెద్దగా అలసిపోకుండా పని చేయగలగాలి, ధర 150 రూపాయలు మించకూడదు, ఇరవై ఏళ్లు మన్నాలి, మరమ్మతు ఖర్చు స్వల్పంగా ఉండాలి. ఈనాడు సోలార్ యంత్రాలు చేసేవాళ్లు గోడకు అంటించుకోదగ్గ జాబితా ఇది. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు.

ఎరవాడ జైల్లో గాంధీజీ చేతిమీదుగా రూపుదిద్దుకున్న పెట్టె రాట్నం సంచిలో పట్టేది. స్వాతంత్ర్యం వచ్చాక తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ కొత్త రాట్నం చేశాడు. ఆయన పేరు మీదే అది ‘అంబర్ చరఖా’ అయింది. రెండో పంచవర్ష ప్రణాళిక దాన్ని పల్లెపల్లెకూ చేర్చాలని చూసింది. అందులో ఉన్నవి ఆర్క్‌రైట్ రోలర్లే. తిప్పేది మాత్రం చెయ్యి. వేలి నేర్పు అవసరం తగ్గింది, కదుళ్లు పెరిగాయి.

2000లలో బెంగళూరుకు చెందిన ఆర్.ఎస్. హిరేమఠ్ రాట్నంలో చిన్న జనరేటరు పెట్టి ‘ఈ-చరఖా’ తయారుచేశారు. రెండు గంటలు నూలు వడికితే బ్యాటరీ నిండి ఎల్‌ఈడీ దీపం ఆరేడు గంటలు వెలుగుతుంది. కరెంటు వాడుకునే యంత్రాన్ని కాక కరెంటు పుట్టించే యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చిన ఆలోచన అది.

చివరికి సూర్యుడు వచ్చాడు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సిలికాన్ సోలార్ సెల్ ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ఇప్పటి పలకలు 20 శాతానికి పైగా మారుస్తాయి. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు పలక 200 వాట్లు ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా ఆపకుండా చేయగల పని 75 వాట్లకు మించదు. బిహార్‌లోని నవాదా జిల్లా ఖన్వా గ్రామంలో చేసిన ప్రయోగం చూసి, కేంద్ర ప్రభుత్వం 2018లో ‘సోలార్ చరఖా మిషన్’ మొదలుపెట్టింది. 50 క్లస్టర్లు, 550 కోట్ల రూపాయలు, యువతకూ మహిళలకూ ఊళ్లోనే ఉపాధి అన్నది లక్ష్యం.

ఇక్కడే రెండు చిక్కులున్నాయి. మొదటిది చట్టం. 1956 నాటి ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టం ప్రకారం చేత్తో వడికి, చేత్తో నేసిందే ఖాదీ. మోటారు వడికిన నూలుకు ఆ పేరు రాదు. ఖాదీ పేరు మీద వచ్చే ధరా, ఆదరణా దానికి ఉండవు. మిల్లు నూలుతోనే పోటీ పడాలి. రెండోది ముడిసరుకు. సోలార్ రాట్నం ఆర్క్‌రైట్ వంశంలోది. దాని రోలర్లకు సమంగా తయారైన రోవింగ్ (లావు పత్తి పోగు) కావాలి, అది పెద్ద యంత్రాలున్న చోటు నుంచే రావాలి. బలం ఊరిదే అయినా పత్తి బయటిది, బేరం బయటిది. అరటి బోదెలో దాచిన కొండపత్తి ఏకును ఈ రోలర్లకు అందిస్తే తెగిపోవడమే తప్ప 100 కౌంటు రాదు.

అలాగని పొందూరుకు ఎండ బలం అక్కర్లేదని కాదు. అక్కడ వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లు. కూలి చాలక కొత్త తరం ఈ పనికి రావడం లేదు. వడకడం చేతికే వదిలేసి, దాని చుట్టూ ఉన్న చాకిరీని సూర్యుడికి అప్పగించవచ్చు. కండెలు చుట్టడానికి చిన్న మోటారు చాలు. మగ్గం మీద నీడ పడని దీపం, బట్ట కుట్టే మిషను, ఇస్త్రీ, ప్యాకింగ్... వీటిలో ఏదీ ఖాదీ నిర్వచనాన్ని చెరపదు. పల్లె కుర్రాడు పెట్టుబడి పెట్టాల్సింది ఇక్కడ.

దీనికి తెలుగు నేలలోనే దారి చూపిన మనిషి ఉన్నాడు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, తల్లి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఊపలేక భుజం నొప్పితో బాధపడుతుంటే చూశాడు. ఏళ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మగ్గాన్ని ముట్టుకోలేదు, నేత నేర్పునూ ముట్టుకోలేదు. నేర్పు అక్కర్లేని, నొప్పి మాత్రమే ఉన్న పనిని వెతికి పట్టుకుని దాన్నే యంత్రానికిచ్చాడు. అందుకే ఆ యంత్రాన్ని నేతగాళ్లు ఇళ్లలోకి రానిచ్చారు.

కొత్తవలస నుంచి రోజూ విశాఖ పనులకు రైలెక్కే యువతకు ఇందులో పనికొచ్చే పాఠం ఉంది. సోలార్ పలక కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ముడిసరుకు మన ఊళ్లో దొరుకుతుందా? యంత్రం ఆగిపోతే మనమే బాగుచేసుకోగలమా? చేసిన సరుకు కొనేవాడెవడో ముందే తెలుసా? మూడింటికీ జవాబుంటే పెట్టుబడికి దారులున్నాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద పల్లెల్లో జనరల్ వర్గానికి 25 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, బీసీలు వంటి వర్గాలకూ 35 శాతం సబ్సిడీ ఉంటుంది. తయారీ యూనిట్లకు 50 లక్షల రూపాయల ప్రాజెక్టు దాకా అనుమతి ఉంది. బ్యాంకుకు వెళ్లేముందు ఒకసారి పొందూరు వెళ్లి, ఏ పని దగ్గర మనుషుల నడుం పడిపోతోందో చూసిరండి. ఆ పనికే ఎండను వాడండి.