పదం ఒకటే – భావాలు వేరు: పరభాషా బోధనలో అంతర్జాలం

పరభాషను అభ్యసించడమంటే వ్యాకరణ సూత్రాలను వల్లె వేయడం, నిఘంటువులో అర్థాలు వెదకడం మాత్రమేనన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉన్నది. కాని నిఘంటువు చెప్పే అర్థం వేరు, ఆ భాష మాట్లాడే ప్రజల మనస్సులో ఆ పదం రేకెత్తించే భావం వేరు. ఈ అంతరాన్ని విద్యార్థులే స్వయంగా కనుగొనేటట్లు చేయడానికి అంతర్జాలాన్ని ఆశ్రయించిన ప్రయోగాలలో 'కుల్తురా' ప్రముఖమైనది.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫ్రెంచి బోధించిన జిల్‌బెర్త్ ఫుర్‌స్టెన్‌బర్గ్ తన సహాధ్యాపకులతో కలిసి 1997లో దీనిని ప్రారంభించారు. ఫ్రెంచి నేర్చుకొనే అమెరికా విద్యార్థులకూ, ఇంగ్లీషు నేర్చుకొనే ఫ్రాన్సు విద్యార్థులకూ ఒకే విధమైన ప్రశ్నావళిని ఇస్తారు. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిది, ఒక పదం వినగానే స్ఫురించే ఇతర పదాలను రాయడం. రెండవది, 'మంచి పొరుగువాడు అంటే...' వంటి వాక్యాలను పూర్తి చేయడం. మూడవది, వరుసలో నిలుచున్నప్పుడు ఎవరైనా ముందుకు చొరబడితే ఏం చేస్తారు వంటి సందర్భాలకు సమాధానం చెప్పడం.

ఇరుపక్షాల జవాబులనూ తెరపై పక్కపక్కనే ఉంచుతారు. 'వ్యక్తివాదం' అన్న మాటకు రెండు భాషలలోనూ దాదాపు ఒకే రూపం ఉన్నది. అయినా అమెరికా విద్యార్థులకు స్వేచ్ఛ, స్వాతంత్ర్యం స్ఫురిస్తే, ఫ్రాన్సు విద్యార్థులలో పలువురికి స్వార్థం స్ఫురించింది. ఈ భేదం ఎందుకు కలిగిందని ఒకరినొకరు ప్రశ్నించుకొంటారు. అసలైన భాషాభ్యాసం ఇక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతిలో మరొక విశేషమున్నది. అంతర్జాలంలో ప్రతి విద్యార్థీ తన మాతృభాషలోనే రాస్తాడు. అందువల్ల మనసులోని మాటను సంకోచం లేకుండా చెప్పగలుగుతాడు. అతని రచన అవతలివారికి సజీవమైన పాఠ్యాంశమవుతుంది. నేర్చుకొనే భాషలో మాట్లాడడం, చర్చించడం తరగతి గదిలో జరుగుతుంది. తరువాత ఒక ఫ్రెంచి చలనచిత్రాన్నీ, దానికి అమెరికాలో తీసిన మరో రూపాన్నీ పోల్చి చూస్తారు. అయితే ఇరవైమంది విద్యార్థుల అభిప్రాయమే యావద్దేశపు అభిప్రాయం కాదు. ఆ హెచ్చరిక చేయవలసిన బాధ్యత ఉపాధ్యాయునిదే.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ విషయం కొత్తది కాదు. 'అవసరం' అన్న పదాన్నే పరిశీలించండి. తెలుగులో దానికి కావలసినది, అక్కర అని అర్థం. కన్నడంలోను, తమిళంలోను అదే మాట తొందరను సూచిస్తుంది. ఒడియాలో విరామాన్ని, ఉద్యోగ విరమణను సూచిస్తుంది. సంస్కృతం నుండి వచ్చిన ఒకే పదం పొలిమేర దాటగానే భావం మార్చుకొంటున్నది. ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాష అయిన పిల్లవాడు అటువంటి పదాన్ని బడిలో ఇంటి అర్థంతో వాడినప్పుడు అది తప్పుగా లెక్కకు వస్తుంది. పదేపదే అలా జరిగితే ఇంటిభాషే తన చదువుకు అడ్డమని అతడు భావించే ప్రమాదమున్నది. మాతృభాషను వదలివేయడానికి అదే తొలి మెట్టు కావచ్చు.

ఇందుకు విరుగుడు కుల్తురా చూపిన మార్గంలోనే ఉన్నది. కంప్యూటరు లేకపోయినా రెండు నోటుపుస్తకాలు చాలు. తెలుగు పిల్లలూ, స్థానిక భాషీయులైన పిల్లలూ పండుగ, మర్యాద, చుట్టం, అవసరం వంటి పది మాటలకు స్ఫురించిన భావాలను ఎవరి భాషలో వారు రాసి పుస్తకాలు మార్చుకోవాలి. భేదం కనిపించిన చోట కారణం అడగాలి. తెలియని మాటలకు పెద్దలు సాయపడాలి. అప్పుడు ఇంటిభాష దోషం కాదనీ, పోల్చి చూడడానికి తన చేతిలో ఉన్న కొలబద్ద అనీ పిల్లవానికి బోధపడుతుంది. రేపు ఇంగ్లీషుగాని ఫ్రెంచిగాని నేర్చుకొనేటప్పుడు కూడ అదే కొలబద్ద అతనికి ఉపకరిస్తుంది.