అలిపిరి దాటిన ప్రకటన

తిరుమలకు పోవు వాహనముల నన్నిటిని అలిపిరివద్ద ఆపి సోదా చేయుదురు. మాంసము, మద్యము, పొగాకు కొండపై నిషిద్ధములు. క్షేత్రమర్యాద అది, దానితో మనకు తగవు లేదు. కాని ఆకాశమార్గమున వచ్చు ప్రకటనకు అలిపిరి ఎక్కడిది? ఉపగ్రహము ఊరికొక బొమ్మ పంపదు. 1995లో మనదేశమున తొలి భోజనశాలను బెంగుళూరులో తెరచిన కె.ఎఫ్.సి. వారి కోడివేపుడు, కొండపై కాపురమున్నవారి టెలివిజనులోను కరకరలాడును. ఆ యింటి బాలునకు డబ్బా రంగుతోసహా కంఠస్థమే. రుచి మాత్ర మెఱుగడు.

చిత్తూరు సీమ మారుమూల పల్లెలందును ఇదే వరుస. అచట అడ్డు ఆచారము కాదు, గిరాకి లెక్క: అంగడి రాదు, ఆశ మాత్రము దినమునకు పలుమార్లు వచ్చును.

కొండమీది పిల్లవాడు కొంగు పట్టుకొని అడిగినచో తల్లి యేమనును? "దిగినప్పుడు చూతములే" అనును. ఆ చూచుట యెన్నడో పెరుమాళ్ళ కెఱుక!