పొట్ట చిన్నదైంది... విస్తరి కూడా మారాలి

బరువు తగ్గడానికి సర్జరీ చేయించుకున్న రెండున్నర నెలలకు ఒక గృహిణిని దివిసీమ వైపు పల్లె నుంచి మా మెడికల్ వార్డుకు వీల్‌ఛైర్లో తీసుకొచ్చారు. ‘‘ఆపరేషన్ బాగా అయిందండీ, తిన్నది లోపల నిలవడం లేదంతే’’ అన్నారు భర్త. అప్పటికి మూడు వారాలుగా వాంతులు. చారన్నమో, గంజో రెండు చెంచాలు తాగడం, కాసేపటికి కక్కేయడం. నీరసంగా ఉందని ఊళ్లో నాలుగు గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఆ తర్వాతే ఆమెకు వస్తువులు రెండుగా కనిపించసాగాయి. నడిస్తే తూలిపోతున్నారు. మాట మధ్యలో తడబడుతున్నారు.

ఆమెకు ముందుగా కావలసింది గ్లూకోజు కాదు, విటమిన్ బి1. ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక చూపు కొద్దిరోజుల్లోనే కుదుటపడింది. నడక కుదుటపడటానికి నెలలు పట్టింది. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. సర్జరీలో లోపమేమీ లేదు. ఆ తర్వాత ఎలా తినాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నవి ఆ ఇంట్లో ఎవరికీ సరిగా తెలియవు. ఈ సర్జరీ చేయించుకున్నవారు, చేయించుకోవాలనుకుంటున్నవారు, వారికి వండిపెట్టేవారు తెలుసుకోవాల్సింది అదే.

లోపల ఏం మారుతుంది?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం తీసేసి, మిగిలిన భాగాన్ని అరటికాయలా సన్నటి గొట్టంగా మారుస్తారు. మొదట్లో అందులో పట్టేది 100-150 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. దీంతో ఐరన్, క్యాల్షియం ఎక్కువగా ఒంటబట్టే పేగు తొలిభాగాన్ని ఆహారం దాటిపోతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కూడా తగ్గుతుంది, ముఖ్యంగా స్లీవ్‌లో.

మెలిక ఇక్కడే ఉంది. ఆకలి తగ్గినంత మాత్రాన ఒంటి అవసరాలు తగ్గవు. కండకు, నరాలకు, రక్తానికి కావలసినవన్నీ ఇకపై ఆ టీ గ్లాసుడు చోటులోంచే అందాలి. దాన్ని దేనితో నింపుతారన్న దానిమీదే మీ ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

తొలి రెండు నెలలు

మీ సర్జన్ ఇచ్చిన ఆహార పట్టికే మీకు ప్రమాణం. సాధారణంగా మాత్రం వరస ఇలా ఉంటుంది.

* తొలి రెండు వారాలు: ద్రవాలే. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడకట్టిన తేటలు. తర్వాత పాలు, మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, డాక్టర్ చెప్పిన ప్రొటీన్ పొడి.
* మూడు, నాలుగు వారాలు: గుజ్జుగా ఉండేవి. మెత్తగా మెదిపిన పెసరపప్పు, పెరుగు, మెత్తగా మెదిపిన ఉడికించిన గుడ్డు, కూరగాయల గుజ్జు.
* అయిదు, ఆరు వారాలు: మెత్తటి ఆహారం. ముల్లు తీసిన చేప, పనీరు, ఉడికిన సొరకాయ, బీరకాయ, చిన్న ఇడ్లీ.
* ఆ తర్వాత: కారం, నూనె తగ్గించి ఇంట్లో అందరూ తినేవే ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి.

చిన్న చెంచాతో, చిన్న పళ్లెంలో, ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు తీసుకుని తినండి. ముద్దను బాగా నమిలాకే మింగండి. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, ఛాతీ మధ్యలో బిగపట్టినట్లు ఉండటం... ఇవన్నీ ‘ఇక చాలు’ అని పొట్ట చేసే హెచ్చరికలు. ఆ తర్వాత తినే ఒక్క ముద్దే వాంతికి దారితీస్తుంది.

విస్తరిని తిరగేయండి

మన భోజనంలో ముందు అన్నం రాశి, దాని చుట్టూ మిగతావన్నీ. సర్జరీ తర్వాత ఈ వరస పనికిరాదు. చాలామందికి రోజుకు 60-80 గ్రాముల ప్రొటీన్ కావాలి. వంద గ్రాముల అన్నంలో ఉండేది మూడు గ్రాముల లోపే. అదే గుడ్డులో సుమారు ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో 18-20 గ్రాములు ఉంటాయి. ముందు అన్నం తింటే దానితోనే పొట్ట నిండిపోతుంది. అందుకే ముందు చేప ముక్కో, గుడ్డో, గట్టి పప్పో తినండి. తర్వాత కూర. చోటుంటే చివర్లో రెండు ముద్దల అన్నం.

కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేప మనకు ఏడాదంతా దొరుకుతుంది. దాన్ని వేపుడు చేయకుండా, కారం తగ్గించి పల్చటి పులుసులా వండుకుంటే చాలు. శాకాహారులకు పెసరట్టు, పనీరు, గట్టి పెరుగు, మీల్‌మేకర్, పాలు ఉన్నాయి. పెసరట్టు మీద ఉప్మా మాత్రం వద్దు. ముద్దగా అయ్యే మెత్తటి అన్నం, బ్రెడ్, పూరీ, గట్టి మటన్ ముక్క చాలామందికి మొదట్లో అడ్డం పడతాయి.

దాహం వేరు, భోజనం వేరు

తింటూ నీళ్లు తాగొద్దు. తిన్నాక అరగంట ఆగి తాగండి. మిగతా సమయమంతా గుక్కెడు గుక్కెడుగా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో మీ డాక్టర్‌ను అడగండి. బెజవాడ ఎండల్లో ఇది చాలా ముఖ్యం. ఒకేసారి గ్లాసెడు తాగలేరు కాబట్టి దాహం వేశాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది. సీసా ఎప్పుడూ పక్కనే ఉండాలి. పల్చటి మజ్జిగ మంచిది. గోలీసోడా, కూల్‌డ్రింకులు వద్దు.

పెళ్లి భోజనం, పండగ పిండివంట

సర్జరీ అయిన వారికి, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, బందరు లడ్డూ ఒకటి పూర్తిగా తింటే ఏమవుతుందో చూడండి. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగుతుంది. పది నుంచి ముప్ఫై నిమిషాల్లో కడుపునొప్పి, చెమటలు, గుండెదడ, విరేచనం రావచ్చు. దీన్ని ‘డంపింగ్’ అంటారు. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఇలా జరిగితే చక్కెర పరీక్షించుకుని, డాక్టర్‌కు చెప్పండి. పండగపూట అరిసె రుచి చూడాలనిపిస్తే ముందు భోజనంలో ప్రొటీన్ తిని, చివర్లో చిటికెడు ముక్కతో సరిపెట్టుకోండి.

మధుమేహం ఉన్నవారికి మరో జాగ్రత్త. సర్జరీ అయిన కొద్దిరోజుల్లోనే చక్కెర తగ్గడం మొదలవుతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడితే ప్రమాదం. బీపీ మాత్రలూ అంతే. సొంతంగా మానకండి, డాక్టర్‌తో తగ్గించుకోండి.

మాత్రలు ఎన్నాళ్లు?

జీవితాంతం. బరువు తగ్గిపోయింది కదా అని ఏడాదికే మానేసేవారు చాలామంది. మల్టీవిటమిన్, బి12, ఐరన్, ఫోలిక్ ఆమ్లం, క్యాల్షియం, విటమిన్ డి... ఎవరికి ఎంత మోతాదో డాక్టర్ చెబుతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940ల్లో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసి చూపినది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఐరన్, క్యాల్షియం మాత్రల మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఐరన్‌ను టీ, కాఫీతో వేసుకోవద్దు.

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. బి12 లోపం చాలాకాలం పట్టించుకోకపోతే నరాల దెబ్బ పూర్తిగా నయం కాకపోవచ్చు. మూడో నెల నుంచి జుట్టు రాలడం చాలామందిలో చూస్తాం. ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతుంటే సాధారణంగా అది తిరిగి వస్తుంది. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా వేసుకోకండి. బైపాస్ అయినవారిలో ఇవి పుండ్లకు దారితీస్తాయి. పొగ కూడా అంతే. మద్యం మునుపటికంటే త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగండి.

వాంతులు ఆగకపోతే

మొదట చెప్పిన గృహిణి సంగతికి వద్దాం. విటమిన్ బి1 మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆగని వాంతులతో ఆ నిల్వ ఖాళీ అవుతుంది. పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో బి1 అంతంతమాత్రం. గంజి వారిస్తే ఉన్నదీ పోతుంది.

ఈ జబ్బు మన గడ్డకు కొత్త కాదు. గత శతాబ్దం తొలి సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లోనే. మిల్లులో పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినే చోట అది ఉండటం, ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అరుదుగా ఉండటం కూనూరు పోషకాహార ప్రయోగశాల శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు మారింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అది బి1 లోపంతో వచ్చే జబ్బు. ఈ గృహిణిలో అదే లోపం మెదడును దెబ్బతీసింది. దాన్ని వెర్నికే అంటారు.

బి1 లేని ఒంట్లోకి ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. నీరసానికి సీసా ఎక్కించడం మన ఊళ్లలో అలవాటు కాబట్టే ఇంతగా చెబుతున్నాను. ఈ సందర్భాల్లో వెంటనే ఆసుపత్రికి వెళ్లండి:

* రెండు మూడు రోజులుగా వాంతులు ఆగకపోయినా, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా
* చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా, తికమక పడుతున్నా
* తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, గుండెదడ, నల్లటి విరేచనం ఉన్నా

వెళ్లగానే చెప్పాల్సిన మాట: ‘‘నాకు బరువు తగ్గే సర్జరీ అయింది, వాంతులవుతున్నాయి. గ్లూకోజు కంటే ముందు బి1 ఇవ్వండి.’’ సర్జరీ పేరు, తేదీతో పాటు ఈ మాటను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఉంచండి. మీరు చెప్పే స్థితిలో లేనప్పుడు ఆ కాగితమే చెబుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. సర్జరీ అయిన మనిషికి మాత్రం ‘ఇంకొక్క ముద్ద’ అనకండి. ‘ఏం జబ్బు చేసింది, ఇలా అయిపోయావు’ అని అడిగే చుట్టాలకు మీరే సమాధానం చెప్పండి. వాళ్ల చిన్న పళ్లెంలో ముందు చేప ముక్క వేయండి, సాయంత్రం మాత్ర గుర్తుచేయండి. రెండు మూడేళ్ల తర్వాత బరువు కాస్త పెరిగినా దెప్పకుండా మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆపరేషన్ గంట రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాతి భోజనాలన్నీ జరిగేది మీ ఇంట్లోనే.