మోకాళ్ల నొప్పి తగ్గిందా? లెక్క రాస్తేనే తెలిసేది

ఇంట్లో పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పితో కుర్చీ మీద నమాజ్ చేస్తున్నారా? ఫిజియోథెరపీకి నాలుగు రోజులు వెళ్తాం, తర్వాత మానేస్తాం. ఎంత తగ్గిందో లెక్క ఉండదు.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన ‘గ్లాడ్’ కార్యక్రమంలో ఆ లెక్క రాస్తారు. మోకాలు, తుంటి కీళ్లు అరిగినవాళ్లకు జబ్బు గురించి వివరించి, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి 12 సార్లు వ్యాయామం చేయిస్తారు. మొదట్లో, 3 నెలలకు, ఏడాదికి నొప్పి ఎంతుందో అడిగి రిజిస్ట్రీలో ఎక్కిస్తారు. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో కూడా చూస్తారు.

ఒక్కరి చీటీ ఆ ఒక్కరి సంగతే చెబుతుంది. వేలమంది వివరాలు ఒకచోట చేరితే ఎవరికి గుణం కనిపిస్తోందో, ఎవరు వెనకబడుతున్నారో తెలుస్తుంది.

మీరూ మొదటి రోజే నొప్పి 10కి ఎంతో రాయించుకోండి. 3 నెలలకు పోల్చి చూడండి.