తేడా తేటగా కనిపిస్తేనే తప్పు దొరికేది

ఒకే సాఫ్ట్‌వేర్‌పై అనేకమంది ప్రోగ్రామర్లు పనిచేస్తుంటారు. ఎవరు ఏ పంక్తిని మార్చారో చూపే బాధ్యత వర్షన్ కంట్రోల్ సాధనాలది. తొలగించిన పంక్తులు ఎరుపు, చేర్చినవి ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. ఆ చూపడంలో స్పష్టత లోపిస్తే దోషాలు తనిఖీదారుల కన్నుగప్పే ప్రమాదముంది. ఒక్క పంక్తి ఎంత చేటు తెస్తుందో 2014లో బయటపడిన యాపిల్ భద్రతా లోపం చాటింది. కోడ్‌లో ఒక పంక్తి పొరపాటున రెండుసార్లు చేరడంతో సర్వర్ పంపిన డిజిటల్ సంతకాన్ని సరిచూసే దశే దాటిపోయింది.

చిక్కు ఎక్కడ?

2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ భద్రపరిచేది మార్పులను కాదు, ప్రతులను. పాత, కొత్త ప్రతులను పోల్చి ఏం మారిందో అంచనా వేస్తుంది. 1974లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లో వెలువడిన 'డిఫ్' చేసిందీ ఇదే. యూజీన్ మయర్స్ 1986లో ప్రచురించిన పద్ధతి అతి తక్కువ మార్పులతో తేడాను చూపే మార్గాన్ని వెతుకుతుంది. గిట్‌కు ఇదే ఆధారమైంది. అయితే తక్కువగా చూపినంత మాత్రాన తేటగా చూపినట్లు కాదు. ముగింపు బ్రాకెట్లు, ఖాళీ పంక్తులు కోడ్‌లో పదేపదే వస్తాయి. అందువల్ల కొత్త ఫంక్షన్‌ను చేర్చినప్పుడు, పాత ఫంక్షన్ బ్రాకెట్ కొత్తదిగా, కొత్తదాని బ్రాకెట్ పాతదిగా కనిపించే అవకాశముంది.

పరిష్కారాలివీ..

రెండు ఓటర్ల జాబితాలను పోల్చేవారు ఊరందరికీ ఉన్న ఇంటిపేరును కాక, ఒక్కరికే ఉన్న పేరును ఆనవాలుగా పట్టుకుంటారు. బ్రామ్ కోహెన్ రూపొందించిన 'పేషెన్స్' పద్ధతి అలాంటిదే. రెండు ప్రతుల్లోనూ ఒక్కొక్కసారే వచ్చే పంక్తులను ముందుగా జతపరుస్తుంది. దాన్ని విస్తరించి, అరుదుగా వచ్చే పంక్తులనూ ఆధారం చేసుకునే 'హిస్టోగ్రామ్' 2011లో గిట్‌లో చేరింది. పంక్తి మొదట వదిలే ఖాళీని బట్టి మార్పు సరిహద్దును సర్దే ఏర్పాటు 2017 నుంచి దానంతటదే అమలవుతోంది. చోటు మాత్రమే మారిన పంక్తులను వేరే రంగులో చూపే సదుపాయమూ ఆ ఏడాదే వచ్చింది.

వాడేవారు గమనించాల్సినవి

గిట్‌లోని 'డిఫ్.అల్గారిథమ్' సెట్టింగ్‌ను 'హిస్టోగ్రామ్'గా మార్చుకోవచ్చు. దీనివల్ల కోడ్ మారదు, తేడాను చూపే తీరే మారుతుంది. ఖాళీల మార్పులను దాచే ఐచ్ఛికాన్ని మాత్రం ఆచితూచి వాడాలి. పైథాన్ వంటి భాషల్లో పంక్తి ముందున్న ఖాళీ మారితే ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది.