కుసాత్సు వేడినీటి బుగ్గ

జపాను ద్వీపములందు అగ్నిపర్వతములు పెక్కు గలవు. అవి యున్నచోట వేడినీటి బుగ్గలుండుట సహజము. అట్టి బుగ్గలను ఆ దేశీయులు 'ఓన్‌సెన్' అందురు. వానిలో మిక్కిలి పేరెన్నికగన్నది కుసాత్సు. ఈ యూరు టోక్యో నగరమునకు వాయవ్యదిశను, గున్మా మండలమున, సముద్రమట్టమునకు సుమారు 1,200 మీటర్ల ఎత్తున, షిరానే అను అగ్నిపర్వతపు ఒడిలో నున్నది.

ఊరి నడుమనే పెద్ద బుగ్గ గలదు. దానిని 'యుబతాకే' అందురు. 'వేడినీటి పొలము' అని ఆ మాటకర్థము. యాత్రికుడు చేరువకు వచ్చుసరికే గంధకపు వాసన ముక్కునకు సోకును. తెల్లని ఆవిరి మేఘమువలె క్రమ్ముకొనును. అచ్చట నిమిషమునకు సుమారు 4,000 లీటర్ల నీరు పొంగుచుండును. ఆ నీరు కొయ్యకాలువల వెంట మెల్లగా పాఱి కొంత చల్లాఱును. కాలువల యడుగున పేరుకొనిన గంధకపు మడ్డిని తీసి, ఆఱబెట్టి, స్నానపు నీటిలో కలుపుకొనుటకై అమ్ముదురు.

ఈ నీరు ఎట్లు కాగుచున్నది? కొండలపై కురిసిన వానయు, కరిగిన మంచును నేలలోనికి ఇంకును. భూగర్భమున కరిగియున్న శిలాద్రవము నుండి వెలువడు వాయువులు ఆ నీటిని కాచి, అందులో గంధకికామ్లము, ఉదహరికామ్లము చేర్చును. అందుచేత ఈ నీరు నిమ్మరసమంత పుల్లగా నుండును. ఇందు వేసిన ఇనుపమేకు కొలదిదినములలోనే కరిగి సన్నబడును. ఇట్టి నీట పెక్కు సూక్ష్మజీవులు నిలువజాలవు. చర్మరోగములు గలవారు పూర్వకాలము నుండియు ఇచ్చటికి వచ్చుట కిదియే కారణము. 1876లో జపానునకు వచ్చిన జర్మను వైద్యుడు ఎర్విన్ బెల్ట్జ్ ఈ బుగ్గల గుణమును విదేశములకు చాటెను.

ఊటలోని నీరు ఒడలు కాలునంత వేడి. చన్నీరు కలిపినచో దాని గుణము తగ్గునని యెంచి, తొట్టిచుట్టును నిలిచి, పొడవైన పలకలతో నీటిని త్రిప్పుచు, పాటలు పాడుచు చల్లార్చెడివారు. ఆ యాచారమును నేటికిని యాత్రికులకు చూపుచున్నారు.

అయితే నీటిని కాచు నిప్పే ప్రాణములను తీయగలదు. 2018 జనవరి 23వ తేదీన ఆ పర్వతము ముందస్తు సూచన లేకయే బ్రద్దలై, మంచువాలుపై నున్న ఒక సైనికుని బలిగొన్నది.

మఱియొక చిక్కు ఏటిది. రోగులకు మేలుచేసిన నీరే యుకావా అను ఏటిలో కలిసి దానిని చంపినది. ఆ యేట చేపలు బ్రదుకలేదు. దిగువ పైరులు చెడెను. వంతెనల ఇనుమును, సిమెంటును క్షీణించెను. తుదకు 1964లో ప్రభుత్వము ఒక కర్మాగారమును నెలకొల్పి, సున్నపురాతిపొడిని నీట కలిపి ఏటిలో పోయించెను. సున్నము ఆమ్లమును విఱుచును. దిగువ జలాశయమున మడ్డి అడుగునకు దిగి, నీరు తేటపడును. దానితో ఏటికి మరల ప్రాణము వచ్చినది.

ఆ పని నేటికిని రాత్రింబగళ్లు సాగుచునేయున్నది. కొండ ఆమ్లమును పంపుట మానదు గనుక, మనుష్యుడు సున్నము పోయుట మానరాదు. ప్రకృతి యిచ్చిన మేలును అనుభవించువారు దాని భారమునుగూడ మోయవలెను.